అల్లం కుటుంబపు మొక్కను గుర్తించి, సరైన శాస్త్రీయ నామం రాయడం ఎలా?

వానాకాలం మొదలై కుండీల్లో దుంపలు మొలకెత్తగానే హైదరాబాదు మిద్దెతోటల వారి నుంచి ఒకే రకం ప్రశ్నలు వస్తుంటాయి. ఏలకుల మొక్క అని కొని పెంచుతున్నది ఏళ్లు గడిచినా ఎందుకు కాయడం లేదని ఒకరు, నల్ల పసుపు అని తెచ్చుకున్నది నిజంగా అదేనా అని మరొకరు ఆకు ఫొటో పంపి పేరు అడుగుతారు. ఆకు ఫొటో ఒక్కటీ చూసి ఈ కుటుంబంలో జాతి పేరు చెప్పడం దాదాపు అసాధ్యం. అయితే కాస్త ఓపిక, ఒక భూతద్దం, వాడిపోని ఒక పువ్వు ఉంటే చాలావరకు ఎవరికి వారే తేల్చుకోవచ్చు. ఆ పద్ధతిని వరుసగా ఇక్కడ ఇస్తున్నాను. పద్ధతి అంతటికీ ఒకటే నియమం: ఆధారం ఎంతవరకు కంటికి కనిపించిందో అంతవరకే పేరు రాయాలి.

ముందుగా తెలిసి ఉండవలసినది

అల్లం కుటుంబం పేరు జింజిబరేసి. ఇందులో 50కి పైగా ప్రజాతులు (దగ్గరి జాతుల గుంపులు), సుమారు 1,600 జాతులు ఉన్నాయి. అరటి, మెట్టతామర, హెలికోనియా, కోష్టు కుటుంబాలతో కలిసి ఇది జింజిబరేలిస్ అనే క్రమంలోకి వస్తుంది. ఆ క్రమంలో మొత్తం 8 కుటుంబాలు. 2002లో క్రెస్, ప్రిన్స్, విలియమ్స్ అనే శాస్త్రవేత్తలు డి.ఎన్.ఎ. ఆధారంగా అల్లం కుటుంబాన్ని 4 ఉపకుటుంబాలుగా విభజించారు. మన కుండీల్లో కనిపించేవన్నీ వాటిలో రెండింటికి చెందినవే. అల్లం, పసుపు, కచ్చూరాల వంటివి జింజిబెరాయిడే ఉపకుటుంబంలోనూ, ఏలకులు, దుంపరాష్ట్రం వంటివి ఆల్పినియాయిడే ఉపకుటుంబంలోనూ ఉన్నాయి. ఇంతకు మించిన సిద్ధాంతం ఈ పనికి అవసరం లేదు.

కావలసినవి

పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం, కొత్త బ్లేడు, మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు, ముదురు రంగు కాగితం, పెన్సిలు, నోటుపుస్తకం, ఫోను కెమెరా, మూత బిగుతుగా పట్టే చిన్న సీసాలో మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్. భూతద్దం లేకపోతే పువ్వును ఎండలో పెట్టి ఫోనుతో దగ్గరగా ఫొటో తీసి, దాన్ని పెద్దది చేసి చూడవచ్చు. బ్లేడుకు మాత్రం ప్రత్యామ్నాయం లేదు, ఎందుకంటే గోళ్లతో విప్పిన పువ్వులో చూడవలసిన భాగాలే ముందు చితికిపోతాయి.

1. మొక్క చరిత్రను రాసి పెట్టుకోండి

ఎక్కడ కొన్నారు, ఏ పేరుతో కొన్నారు, ఏ తేదీన నాటారు, ఏ నెలలో మొలిచింది, ఏ నెలలో పూసింది అన్నవి ముందే రాసుకోండి. నర్సరీ వారు చెప్పిన పేరును రాయండి గాని, దాన్ని శాస్త్రీయ నామం గడిలో కాకుండా "అమ్మినవారు చెప్పిన పేరు" అని వేరే గడిలో రాయండి. నగరంలోని నర్సరీలకు వచ్చే మొక్కల్లో చాలా భాగం కడియం నుంచి, మరికొన్ని ఇంకా దూరం నుంచి చేతులు మారుతూ వస్తాయి. ఆ దారిలో చీటీలు ఊడిపోతాయి, తారుమారవుతాయి.

ఫొటోలు మొక్క మొత్తానికి ఒకటి, ఆకు పైభాగానికి, అడుగుభాగానికి, ఆకు తొడుగు కాండాన్ని వదిలే చోటికి, పూగుత్తి పుట్టిన చోటికి, పువ్వు ముందు వైపుకు, పక్క వైపుకు, కోసిన దుంపకు తీయండి. ప్రతి ఫొటోలోనూ స్కేలు కనిపించాలి. వచ్చే ఫొటోల్లో తొంభై పాళ్లు పువ్వును ముందు నుంచి తీసినవే ఉంటాయి. గుర్తింపుకు వాటికంటే పక్క నుంచి తీసినది ఎక్కువ పనికొస్తుంది.

2. మొక్క అల్లం కుటుంబానిదేనా అని తేల్చుకోండి

ఆకును నలిపి వాసన చూడండి. అల్లం కుటుంబంలో ఆకు, దుంప రెండూ సాధారణంగా వాసన వేస్తాయి. ఆకులు కాండానికి ఎదురెదురు పక్కల రెండే వరుసల్లో ఉంటాయి. ఆకు తొడుగు పైఅంచున, కాండానికి ఆనుకుని, జిహ్విక అనే పలుచని పొర లేస్తుంది. పువ్వులో పుప్పొడినిచ్చే కేసరం ఒక్కటే ఉంటుంది.

ఆకులు మెట్లలా కాండం చుట్టూ మెలిక తిరుగుతూ ఎక్కితే, నలిపినా వాసన లేకపోతే, అది కోష్టు కుటుంబపు మొక్క. నగరంలో ఇంటింటా కనిపించే "ఇన్సులిన్ మొక్క" ఈ కుటుంబానిదే కాని అల్లం కుటుంబానిది కాదు. మెట్టతామరకు వాసనా ఉండదు, జిహ్వికా ఉండదు. దాని కేసరంలో సగం రేకులా మారి, మిగతా సగమే పుప్పొడినిస్తుంది. కలాథియా, మరాంటాల ఆకుకాడ పైకొసన, పత్రదళం మొదలయ్యే చోట, ఉబ్బిన కణుపులాంటి భాగం ఉంటుంది.

హెచ్చరిక: ఫోను యాప్‌లు ఆకు ఫొటో ఇస్తే పసుపును మెట్టతామరగా, మెట్టతామరను పసుపుగా చూపడం తరచుగా జరుగుతుంది. యాప్ చెప్పిన పేరును ఒక సూచనగా మాత్రమే తీసుకుని, పై నాలుగు లక్షణాలనూ మీ కళ్లతో చూడండి.

3. పూగుత్తి ఎక్కడ నుంచి పుట్టిందో చూడండి

ఎక్కువ పొరపాట్లు జరిగేదీ, తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఈ మెట్టే. ఆకులున్న కాండం చివర పూగుత్తి వస్తే ఆల్పీనియా, హెడీకియం, గ్లోబా ప్రజాతుల వైపు చూడాలి. ఆకుల్లేని వేరే కాడ మీద, నేల నుంచే పూగుత్తి లేస్తే అల్లం ప్రజాతి జింజిబర్, ఏలకుల ప్రజాతి ఎలెట్టేరియా, పెద్ద ఏలకుల ప్రజాతి అమోమమ్, టార్చ్ జింజర్ అని అమ్మే ఎట్లింగెరా వైపు చూడాలి. పసుపు ప్రజాతి కుర్కుమాలో రెండు తీరులూ ఉన్నాయి: వంటపసుపు పూగుత్తి ఆకుల నడుమ నుంచి వస్తుంది, కస్తూరి పసుపు వంటి వాటిలో సాధారణంగా ఆకుల కంటే ముందే, పక్కనుంచి నేలను చీల్చుకుని వస్తుంది. కెంఫేరియాలోనూ అంతే, భూచంపక అనే కెంఫేరియా రొటండా ఆకుల్లేనప్పుడే పూస్తుంది, చంద్రమూల అనే కెంఫేరియా గలంగా నేలకు పరచుకున్న ఆకుల మధ్య పూస్తుంది.

ఏలకుల ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. నిజమైన ఏలకుల మొక్క, ఎలెట్టేరియా కార్డమోమమ్, పూగుత్తులను మొదలు దగ్గర నేల వెంట పాకిస్తుంది. పడమటి కనుమల నీడలో, చల్లని తేమలో పెరిగే ఆ మొక్కకు హైదరాబాదు ఎండాకాలం ఏమాత్రం సరిపడదు. నర్సరీల్లో ఏలకుల మొక్క అని అమ్మేవి తరచుగా ఆల్పీనియా ప్రజాతివి, ముఖ్యంగా ఆల్పీనియా న్యూటాన్స్. దాని ఆకు నలిపితే ఏలకుల వాసన రావడం వల్ల అమ్మేవారూ కొనేవారూ కూడా నిజాయితీగానే పొరబడతారు. పూగుత్తి కొమ్మ చివర వచ్చిందంటే అది ఏలకుల మొక్క కాదు. ఎన్నేళ్లు పెంచినా, ఎంత ఎరువు వేసినా ఏలకులు కాయవు. పువ్వే రాని మొక్క విషయంలో ఈ తీర్పు చెప్పకండి, తరువాతి మెట్టుకు వెళ్లండి.

4. పువ్వు లేకపోతే ఆకు వరుసలను, ఆకు మొదలును చూడండి

కొమ్ము చుట్టూ మట్టిని వేళ్లతో పక్కకు తీసి, అది ఏ దిక్కుకు పాకుతోందో గుర్తించి, ఆ దిక్కున ఒక పుల్లను నేల మీద పెట్టండి. ఆకుల రెండు వరుసలూ ఆ పుల్లకు సమాంతరంగా ఉంటే జింజిబెరాయిడే, అడ్డంగా ఉంటే ఆల్పినియాయిడే. ఏలకులకూ ఆల్పీనియాకూ ఈ పరీక్ష తేడా చూపదు, ఎందుకంటే రెండూ ఒకే ఉపకుటుంబానివి. ఇరుకు కుండీలో కొమ్ములు గోడలకు తగిలి వంకర తిరుగుతాయి కనుక, అంచున కొత్తగా వచ్చిన పిలకలను వదిలి, కనీసం మూడు కాండాలను చూసి నిర్ణయించండి. మూడూ ఒకే మాట చెప్పకపోతే ఈ పరీక్షను పక్కన పెట్టేయండి.

ఇంకో గుర్తు ఉంది. ఆకుకాడ మొదట్లో మెత్తగా ఉబ్బిన దిండు వంటి భాగం జింజిబర్ ప్రజాతిలో మాత్రమే ఉంటుంది. పువ్వు అరుదుగా వచ్చే వంట అల్లాన్ని ప్రజాతి వరకు తేల్చడానికి ఇది చాలు.

5. పువ్వును విప్పండి

పసుపు ప్రజాతి పువ్వు ఒక్క రోజే నిలుస్తుంది, కెంఫేరియా పువ్వూ అంతే. కాబట్టి ఉదయమే కోయండి. వెంటనే చూడలేకపోతే స్పిరిట్ సీసాలో వేసి, చీటీ మీద తేదీని పెన్సిలుతో రాసి లోపలే పెట్టండి. ఇంకు అయితే కరిగిపోతుంది. స్పిరిట్‌లో రంగులు వెలిసిపోతాయి కనుక, ముందే ఫొటో తీసి రంగులను మాటల్లోనూ రాసుకోండి.

పువ్వును ముదురు కాగితం మీద పక్కకు పడుకోబెట్టి, బయటి నుంచి లోపలికి ఒక్కో భాగాన్నీ విడదీయండి. ముందు పూమొగ్గను కప్పి ఉంచే పుచ్ఛం, తరువాత గొట్టంలాంటి రక్షక పత్రావళి, ఆ తరువాత మూడు అసలు ఆకర్షక పత్రాలు వస్తాయి. అందరూ పొరబడేది ఇక్కడే. కంటికి ముందు కనిపించే పెద్ద రంగు రేకు ఆకర్షక పత్రం కాదు. అది రెండు వంధ్య కేసరాలు, అంటే పుప్పొడినివ్వని కేసరాలు, కలిసి ఏర్పడినది. దాన్ని అధరం అంటారు. అసలు ఆకర్షక పత్రాలు దాని వెనుక సన్నగా, వెలిసినట్టుగా ఉంటాయి. అధరాన్ని ఆకర్షక పత్రంగా లెక్కిస్తే, ఆ తరువాత ఏ పుస్తకంలోని వర్ణనా మీ పువ్వుకు సరిపోదు.

ఇప్పుడు అధరానికి రెండు పక్కలా చూడండి. రేకుల్లాంటి వంధ్య కేసరాలు పక్కల స్పష్టంగా ఉంటే జింజిబెరాయిడే. అవి లేకపోతే, లేదా అధరం మొదట్లో చిన్న పళ్లలా మిగిలితే ఆల్పినియాయిడే. తరువాత పరాగకోశాన్ని, అంటే కేసరం కొసన పుప్పొడి ఉండే భాగాన్ని, భూతద్దంతో చూడండి:

జింజిబర్: పరాగకోశం చివర పొడవైన కొమ్ములా సాగి, కీలాన్ని (అండాశయం నుంచి లేచే సన్నని కాడను) చుట్టుకుని వంగుతుంది. పక్క వంధ్య కేసరాలు అధరానికి అతుక్కుపోయి అది మూడు తమ్మెలుగా కనిపిస్తుంది.

కుర్కుమా: పుచ్ఛాల అంచులు ఒకదానికొకటి అతుక్కుని సంచుల్లా ఉంటాయి, ఒక్కో సంచిలో కొన్ని పూలుంటాయి. పూగుత్తి పైన పూలు లేని రంగు పుచ్ఛాల కుచ్చు ఉంటుంది. చాలా జాతుల్లో పరాగకోశం అడుగున రెండు ముళ్లలాంటివి కనిపిస్తాయి.

హెడీకియం: పూగొట్టం చాలా పొడవు, కేసరం పువ్వు బయటికి దూరంగా పొడుచుకు వస్తుంది. సాయంత్రం విచ్చుకుని సువాసన వెదజల్లే తెల్లని హెడీకియం కొరొనేరియం దీనికి మంచి ఉదాహరణ.

గ్లోబా: కేసరపు కాడ విల్లులా వంగి ఉంటుంది. గ్లోబా మరాంటినాలో పుచ్ఛాల ఒడిలో పూలతో పాటు లఘులశునాలు అనే, నాటితే మొలకెత్తే చిన్న గడ్డలు పుడతాయి. వాటిని గింజలనుకునేవారు ఎక్కువ.

కెంఫేరియా: అధరం మధ్యకు చీలి రెండుగా ఉండటం, పక్కన మరి రెండు వంధ్య కేసరాలు ఉండటం వల్ల పువ్వుకు నాలుగు రేకులున్నట్టు అనిపిస్తుంది.

6. దుంపను కోసి చూడండి, కాని దాన్నే నమ్ముకోకండి

వంటపసుపు, కుర్కుమా లాంగా, లోపల ముదురు నారింజ పసుపు. మామిడి అల్లం, కుర్కుమా అమాడా, లేత రంగులో పచ్చిమామిడి వాసనతో ఉంటుంది. పేరులో అల్లం ఉన్నా అది పసుపు ప్రజాతిదే. నల్ల పసుపు, కుర్కుమా సీసియా, లోపల నీలంగా ఉంటుంది. ఇక్కడే ఆగిపోయి పేరు రాసేసేవారు చాలామంది. నీలం ఛాయ కుర్కుమా ఏరుజినోసాలోనూ ఉంటుంది. ఆకు నడిమి ఈనె వెంట ఊదారంగు పట్టీ ఇంకా అనేక జాతుల్లో ఉంటుంది. నల్ల పసుపుకు ఎక్కువ ధర చెప్పేటప్పుడు పువ్వు చూపమని అడగడంలో తప్పేమీ లేదు.

కస్తూరి పసుపు, కుర్కుమా అరోమాటికా, విషయంలో ఆకు అడుగుభాగాన్ని వేలితో తడిమి చూడండి. దానికి మెత్తని నూగు ఉంటుంది. వంటపసుపు ఆకు నున్నగా ఉంటుంది. బజారులో కస్తూరి పసుపు అని అమ్మే ప్రతి కొమ్మూ ఆ జాతిది కాదు, పొడి అయితే చెప్పనే అక్కరలేదు. బేగంబజారులో సున్నిపిండి కోసం కొనే కచ్చూరాల సంగతీ ఇదే. ఆ పేరు కుర్కుమా జెడోరియాకూ, హెడీకియం స్పైకేటమ్‌కూ, కెంఫేరియా గలంగాకూ వాడుకలో ఉంది. కోసి ఎండబెట్టిన ముక్కలను భూతద్దంతో చూసి జాతి చెప్పడానికి ప్రయత్నించకండి.

హెచ్చరిక: ఇంట్లో చేసిన ఈ గుర్తింపు ఆధారంగా ఏ దుంపనూ మందుగా తినకండి.

7. పేరు రాయండి

ఈ వ్యాసంలో పేర్లన్నీ తెలుగు లిపిలో ఉన్నా, చీటీ మీద రోమన్ లిపిలోనే రాయండి. ప్రజాతి పేరు మొదటి అక్షరం పెద్దది, జాతి పేరు మొత్తం చిన్న అక్షరాలు. అచ్చులో రెండూ వాలు అక్షరాల్లో ఉండాలి, చేతిరాతలో అయితే కింద గీత గీయాలి. ఆ తరువాత పేరు పెట్టినవారి పేరు మామూలు అక్షరాల్లో రాయాలి.

కుండలీకరణాలకు అర్థం ఉంది. ఏలకులకు స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో అమోమమ్ ప్రజాతిలో పేరు పెట్టాడు. 1811లో మేటన్ దాన్ని ఎలెట్టేరియాలోకి మార్చాడు. అందుకే ఎలెట్టేరియా కార్డమోమమ్ (ఎల్.) మేటన్ అని రాస్తాం, ఇందులో ఎల్. అంటే లిన్నేయస్. కుండలీకరణాల్లోని వ్యక్తి మొదట పేరు పెట్టినవాడు, బయటి వ్యక్తి ప్రజాతి మార్చినవాడు. వాటిని అందం కోసం పెట్టినా, తీసేసినా తప్పే. అల్లానికి మాత్రం కుండలీకరణాలు లేవు. లిన్నేయస్ పెట్టినది అమోమమ్ జింజిబర్. దాన్ని జింజిబర్ ప్రజాతికి మారిస్తే జింజిబర్ జింజిబర్ అవుతుంది. ప్రజాతి, జాతి పేర్లు ఒకటే కావడాన్ని వృక్ష నామకరణ నియమావళి ఒప్పుకోదు. కాబట్టి 1807లో రాస్కో పెట్టిన జింజిబర్ అఫిసినాలే నిలిచింది.

ప్రజాతి మారితే జాతి పేరు చివరి అక్షరాలూ మారవచ్చు. చెంగల్వకోష్టుకు కోస్టస్‌లో స్పెసియోసస్ అనీ, ఇప్పుడు వాడుకలో ఉన్న హెలీనియాలో స్పెసియోసా అనీ రాయడం లాటిన్ లింగానికి తగ్గ మార్పు, అచ్చుతప్పు కాదు. ఈ మొక్కకు 1783లో మొదట పేరు పెట్టిన కోనిగ్, హెడీకియం కొరొనేరియంకూ పేరు పెట్టినవాడే. తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో పనిచేసిన ఆయన 1785లో కాకినాడలోని జగన్నాథపురంలో కన్నుమూశాడు. పసుపు ప్రజాతిలో ఎన్నో పేర్ల వెనుక కనిపించే వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బరో ఆ కాలంలో సామర్లకోటలో ఉన్నాడు. అల్లం కుటుంబపు నామకరణంలో మన తీరానికి ఇంత వాటా ఉందని పాఠ్యపుస్తకాలు చెప్పకపోవడం నాకు లోపంగానే తోస్తుంది.

సాగు రకాల పేర్లను ఒంటి కొటేషన్ గుర్తుల్లో, వాలు అక్షరాలు లేకుండా రాయాలి: కుర్కుమా లాంగా 'ప్రగతి'. నిజామాబాదు రైతు చెప్పే ఊరి రకం పేరు శాస్త్రీయ నామంలో భాగం కాదు, పక్కన నమోదు చేయవలసిన సమాచారం.

ఆధారం ప్రజాతి దగ్గర ఆగిపోతే కుర్కుమా అని రాసి, పక్కన "ఎస్‌పీ." అని పెట్టండి. ఒక జాతిని పోలి ఉంది కాని నిర్ధారణ కాలేదు అనుకుంటే రెండు పేర్ల మధ్య "సి.ఎఫ్." పెట్టండి. ఊహించి పూర్తి పేరు రాసిన చీటీ కంటే ఇలా సగం పేరు రాసిన చీటీకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. తరువాత చూసేవారు దాన్ని పూర్తి చేయగలరు, తప్పును మాత్రం ముందు పట్టుకోవాలి.

8. పేరును సరిచూసుకోండి

ముందుగా అంతర్జాతీయ వృక్షనామ సూచిక ఐ.పి.ఎన్.ఐ.లో ఆ పేరు, అక్షరక్రమం, కర్త, సంవత్సరం చూడండి. అక్కడ పేరు ఉన్నంత మాత్రాన అది నేడు చెల్లుబాటులో ఉన్నట్టు కాదు, ప్రచురితమైందని మాత్రమే అర్థం. చెల్లుబాటు కోసం లండన్‌లోని క్యూ ఉద్యానవనం వారి "ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్" చూడండి. కుర్కుమా డొమెస్టికా అని పాత పుస్తకాల్లో కనిపించే పేరు అక్కడ కుర్కుమా లాంగాకు పర్యాయ నామంగా కనిపిస్తుంది.

జాతి పేరును మాత్రమే టైపు చేసి వెతకకండి. జింజిబర్ జెరుంబెట్, ఆల్పీనియా జెరుంబెట్ రెండు వేర్వేరు మొక్కలు. మొదటిది ఎర్రబారే శంకువులాంటి పూగుత్తితో నేల నుంచి పూసే షాంపూ అల్లం. రెండోది కొమ్మ చివర గవ్వల్లాంటి పూలు వేలాడే షెల్ జింజర్. చారల ఆకులతో మన నర్సరీల్లో బాగా అమ్ముడుపోయేది ఈ రెండోదే.

పేరు దొరికాక వర్ణనను మొదటి నుంచి చివరి దాకా మీ నోట్సుతో పోల్చండి. సరిపోయిన లక్షణాలను లెక్కపెట్టుకుని సంతోషించవద్దు, సరిపోనివాటిని రాసుకోండి. పూగుత్తి పుట్టిన చోటు గాని, పరాగకోశం ఆకారం గాని సరిపోకపోతే మిగతావన్నీ కుదిరినా ఆ పేరు వదిలేయండి. ఆకు పొడవు, మొక్క ఎత్తు సరిపోకపోతే అంతగా పట్టించుకోనక్కరలేదు. మిద్దె మీద కుండీలో అవి తగ్గడం మామూలే.

ఇంకా అనుమానం మిగిలితే నగరంలోనే రెండు హెర్బేరియంలు (ఎండబెట్టిన మొక్కల నమూనాలు భద్రపరిచే చోట్లు) ఉన్నాయి. ఒకటి ఉస్మానియా విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలో, రెండోది భారత వృక్ష సర్వేక్షణ సంస్థ దక్కన్ ప్రాంతీయ కేంద్రంలో ఉంది. ముందుగా అనుమతి అడిగి, ఎండబెట్టిన కొమ్మతో పాటు స్పిరిట్‌లోని పువ్వును, ఫొటోలను, నోట్సును తీసుకెళ్లండి. ఈ కుటుంబపు పువ్వులు ఎండితే ముద్దలా అతుక్కుపోతాయి కనుక, ఉత్త ఎండు నమూనా తీసుకెళ్తే అక్కడివారు కూడా పెద్దగా సాయపడలేరు.

9. చీటీ కట్టండి

పసుపు ప్రజాతి మొక్కల ఆకులు చలికాలంలో ఎండిపోయి, కుండీ మళ్లీ వానల దాకా ఖాళీగా కనిపిస్తుంది. చీటీ లేకపోతే ఎండాకాలంలో ఆ మట్టిని ఎవరో ఇంకో మొక్కకు పోసేస్తారు. మార్కరు రాత మన ఏప్రిల్, మే ఎండకు వెలిసిపోతుంది. అల్యూమినియం రేకు మీద మొనతో నొక్కి రాసినది, లేదా ప్లాస్టిక్ చీటీ మీద పెన్సిలుతో రాసినది నిలుస్తుంది. ఒక చీటీని కుండీ అంచుకు కట్టి, రెండోదాన్ని మట్టిలో దుంప పక్కనే పాతండి.

ముందు వైపు శాస్త్రీయ నామం, వెనుక వైపు గుర్తించిన తేదీ, గుర్తించినవారి పేరు, అమ్మినవారు చెప్పిన పేరు రాయండి. తరువాత ఎప్పుడైనా పేరు మారితే పాత చీటీని పారేయకుండా, దాని మీద ఒక గీత మాత్రం కొట్టి, కొత్త చీటీతో పాటు అదే తీగకు గుచ్చి ఉంచండి.